హోమ్‌లోన్ ఈఎంఐ ఒకటి రెండు తప్పితే బ్యాంకుతో ఎలా వ్యవహరించాలి

ఒకటి రెండు ఈఎంఐలు ఆగినంత మాత్రాన బ్యాంకు ఇల్లు వేలం వేయదు. అలాగని ‘వచ్చే నెల చూద్దాంలే’ అని వదిలేసే విషయం కూడా కాదు. బకాయి ఎన్ని వేలన్నది మనం చూస్తాం. అది ఎన్ని రోజుల పాతదన్నది బ్యాంకు చూస్తుంది. అన్నిటికంటే పాత కంతులో రెండు వేలు మిగిలి ఉన్నా ఆ బకాయి వయసు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి చేతిలో ఉన్న డబ్బును ఏ క్రమంలో, ఏ తేదీలోగా కట్టాలన్నదే మొదట తేల్చుకోవాలి.

రోజుల లెక్క

గడువు రోజు రాత్రి బ్యాంకు కంప్యూటర్ లెక్కలు ముగించేలోగా పూర్తి మొత్తం పడకపోతే, ఆ రోజు నుంచే ఖాతా ఓవర్‌డ్యూ. అలాంటి ఖాతాను ఎస్‌ఎంఏ (ప్రత్యేకంగా గమనించాల్సిన ఖాతా) అంటారు: తొలి 30 రోజులు ఎస్‌ఎంఏ–0, ఆ తర్వాత 60 వరకు ఎస్‌ఎంఏ–1, 90 వరకు ఎస్‌ఎంఏ–2. అది దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌తో ఈ లెక్క నెలాఖరున కాకుండా ఏ రోజుకారోజు నడుస్తోంది. జూన్ 5న కట్టాల్సిన కంతు కట్టలేదనుకోండి. జులై 5కి ఎస్‌ఎంఏ–1, ఆగస్టు 4కి ఎస్‌ఎంఏ–2, సెప్టెంబరు 3కి ఎన్‌పీఏ. ఈ నాలుగు తేదీలను మీ కంతు తేదీకి సరిపోయేలా మార్చి క్యాలెండరులో రాసుకోండి.

ఎన్‌పీఏ అయ్యాక ఒక కంతు కట్టి బయటపడే వీలు లేదు. అసలు, వడ్డీ కలిపి పాత బకాయి మొత్తం కట్టిన తర్వాతే ఖాతా మళ్లీ స్టాండర్డ్ (మామూలు ఖాతా) అవుతుంది. అందుకే 60వ రోజు లోపల బ్యాంకుతో మాట్లాడటానికీ, 90 దాటాక మాట్లాడటానికీ చాలా తేడా ఉంటుంది. మొదటి దశలో బ్రాంచి మేనేజరే మీతో ఒక మాట అనుకోగలరు. రెండో దశలో ఫైలు రికవరీ విభాగానికి వెళ్లిపోతుంది. అక్కడివాళ్లకు మీ ముఖం తెలియదు, మీ సర్దుబాట్లు వినే అధికారమూ తక్కువే.

చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది. జూన్ కంతు వదిలేసి, జులై నుంచి క్రమం తప్పకుండా కడుతున్నాం కదా అనుకుంటారు. బ్యాంకు మాత్రం జులైలో కట్టింది జూన్‌కు, ఆగస్టులో కట్టింది జులైకి జమ చేసుకుంటుంది. అలా ఏడాది కట్టినా ఖాతా ఎప్పుడూ ఒక కంతు వెనకే నడుస్తుంది. నెలనెలా పీనల్ చార్జీలు (ఆలస్యానికి వేసే రుసుము) పడుతుంటాయి, సిబిల్‌లో (అప్పుల చరిత్ర రిపోర్టులో) ఆలస్యం కనిపిస్తూనే ఉంటుంది. రెండు కంతులు వెనకబడి ఇలా నడిచే ఖాతా మరీ ప్రమాదం. ఇంకొక్క కంతు జారితే నేరుగా 90 రోజుల గీత మీదికే వెళుతుంది.

ముందు స్టేట్‌మెంట్ తెచ్చుకోండి

ఫోన్లో కాల్‌సెంటర్ వాళ్లు చెప్పిన అంకె మీద ఆధారపడొద్దు. లోన్ ఖాతా స్టేట్‌మెంట్ గత పన్నెండు నెలలకు తీసుకోండి. దాంతోపాటు ఓవర్‌డ్యూ విడివిడిగా రాసివ్వమని అడగండి: ఏ తేదీ కంతు ఎంత, బౌన్స్ చార్జీలు ఎంత, పీనల్ చార్జీలు ఎంత, ఇతర ఖర్చులు ఎంత. శాంక్షన్ లెటర్, లోన్ అగ్రిమెంట్‌లోని చార్జీల పట్టిక పక్కన పెట్టుకుని చూడండి.

ఇలా చూస్తే కొన్నిసార్లు బకాయి అసలు మీ చేతకానితనం వల్ల వచ్చింది కాదని తేలుతుంది. ఫ్లోటింగ్ వడ్డీ పెరిగినప్పుడు కొన్ని ఖాతాల్లో ఈఎంఐ పెరుగుతుంది. సేవింగ్స్ ఖాతా నుంచి వెళ్లే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ మాత్రం పాత మొత్తం మీదే ఉండిపోతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) 4 శాతం నుంచి 6.5 శాతానికి ఎగబాకినప్పుడు ఇలాంటి చిల్లర లోటుకు మంచి అవకాశం దొరికింది. నెలకు ఎనిమిది వందలు తక్కువ పడినా ఏడాదికి 9,600. ఇంటి బీమా ప్రీమియాన్ని బ్యాంకు లోన్ ఖాతాలోనే డెబిట్ చేసినా ఇలాగే లోటు పడుతుంది. జీతం ఖాతా మారి, పాత ఖాతా మీద నాచ్ మాండేట్ (కంతును ఖాతా నుంచి దానంతటదే కోసుకోవడానికి ఇచ్చిన అనుమతి) ఉండిపోవడం మరో కారణం. ఇలాంటివైతే బతిమాలే పనేం లేదు. లోటు కట్టేసి, మాండేటు మొత్తం సవరించుకుని, పొరపాటు బ్యాంకుదైతే చార్జీలు వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడగండి.

పీనల్ చార్జీల వరుసను ప్రత్యేకంగా చూడండి. 2023 ఆగస్టు 18 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం ఆలస్యానికి ‘పీనల్ వడ్డీ’ వేయకూడదు, పీనల్ చార్జీ మాత్రమే వేయాలి. దాన్ని అసలుకు కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. కొత్త లోన్లకు ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి, పాత లోన్లకు 2024 జూన్ 30 లోగా అమల్లోకి రావాలి. ఆ తర్వాతి తేదీల్లో కూడా పీనల్ వడ్డీ అన్న పద్దు కనిపిస్తే ప్రశ్నించండి. పీనల్ చార్జీ మీద జీఎస్టీ వేయక్కర్లేదని 2025 జనవరిలో స్పష్టత వచ్చింది కాబట్టి ఆ పన్ను పడితే అదీ అడగొచ్చు. మామూలుగా కట్టాల్సిన వడ్డీ మాత్రం ఆలస్యమైన రోజులకు కూడా పడుతుంది, దాంతో వాదన లేదు.

డబ్బు వేసే పద్ధతిలోనే సగం చిక్కులు

కంతు ఒకసారి బౌన్స్ అయితే అప్పిచ్చిన సంస్థ ఒక చార్జీ, మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు ఇంకొకటి వేస్తాయి. చాలా సంస్థలు అదే నెలలో మాండేటును మళ్లీ ప్రెజెంట్ చేస్తాయి. ఖాతాలో డబ్బు లేకపోతే మళ్లీ రెండు వైపులా వాతే. అందుకని బౌన్స్ అయిన రోజునే ‘నేను ఫలానా తేదీన నేరుగా కడతాను, ఈ నెల మాండేటు మళ్లీ పంపొద్దు’ అని ఈమెయిల్ పెట్టండి. కట్టేశాక రశీదు జత చేసి ఇంకో మెయిల్ పెట్టండి. లేకపోతే మీరు చేత్తో కట్టిన రెండో రోజే మాండేటు కూడా పాసై, ఇంటి ఖర్చులకు ఉంచుకున్న డబ్బు కాస్తా వెళ్లిపోతుంది.

హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల యాపుల్లో ‘ఓవర్‌డ్యూ చెల్లింపు’, ‘పార్ట్ పేమెంట్’ అని వేర్వేరు మీటలుంటాయి. రెండోది నొక్కితే డబ్బు అసలులోకి పోతుంది, బకాయి కంతు అలాగే ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పించడానికి వారాలు పడుతుంది. బ్రాంచిలో కడితే చలానా మీద లోన్ ఖాతా నంబరు, ‘జూన్ కంతు బకాయి’ అన్న మాట రాయండి.

కట్టిన డబ్బును బ్యాంకు ఏ వరుసలో జమ చేసుకుంటుందో కూడా అగ్రిమెంట్‌లో ఉంటుంది. కొన్ని సంస్థలు ముందు చార్జీలు కోసుకుని, మిగిలింది కంతుకు వేస్తాయి. అలాంటి చోట సరిగ్గా కంతు మొత్తం కట్టినా పాత కంతులో ఆ చార్జీల మేరకు లోటు మిగిలిపోతుంది, రోజుల లెక్క ఆగదు. ముందు కంతుకు జమ చేయమని రాసి ఇవ్వండి. ఒప్పుకోకపోతే చార్జీలు కూడా కలిపి కట్టేయండి.

జీతం పడే ఖాతా కూడా అదే బ్యాంకులో ఉంటే, జీతం పడిన వెంటనే బకాయి మేరకు బ్యాంకు కోసుకోవచ్చు. ఇది ముందే ఊహించుకుని ఆ నెల ఖర్చు వేసుకోండి.

ఎంత కట్టగలరో లెక్క వేసి వెళ్లండి

‘కొంచెం టైమివ్వండి సార్’ అంటే మేనేజరుకు చేయడానికేమీ ఉండదు. తేదీలు, అంకెలు ఉన్న కాగితం ఇస్తే దాన్ని పై ఆఫీసుకు పంపగలరు. కంతు 28,000, గడువు నెల 5వ తేదీ అనుకుందాం. జూన్, జులై కంతులు రెండూ తప్పాయి, చార్జీలు 3,000. మొత్తం 59,000. ఇవాళ జులై 20.

చేతిలో ఉన్న 20,000 ఇవాళ కట్టేస్తే బాగానే అనిపిస్తుంది. కానీ జూన్ కంతులో ఇంకా 8,000 మిగిలే ఉంది. బ్యాంకు లెక్క జూన్ 5 నుంచే నడుస్తుంది, ఆగస్టు 4న ఎస్‌ఎంఏ–2లోకి పోతారు. ఎక్కడో అక్కడ ఆ 8,000 కూడా సర్ది పూర్తి 28,000 కడితే లెక్క జులై 5 నుంచి మొదలవుతుంది. ఒకేసారి నెల రోజుల ఊపిరి దొరుకుతుంది. మిగిలిన 31,000ను ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఐదు నెలలకు పంచితే నెలకు 6,200. అంటే నెలనెలా 34,200. ఆగస్టు 5న అంత కడితే జులై కంతు తీరి, 6,200 ఆగస్టు కంతులోకి పోతుంది. సెప్టెంబరు 5 నాటికి ఆగస్టుది తీరి, 12,400 సెప్టెంబరు కంతులో పడుతుంది. ఇలా లోటు తగ్గుతూ డిసెంబరు 5కి చార్జీలతో సహా సరిపోతుంది. ఈ మధ్య కాలంలో పడే పీనల్ చార్జీలు చివర్లో కొన్ని వందలు మిగులుతాయి. అవి ఎంతో అడిగి కట్టేయాలి.

ఈ లెక్క వేసేటప్పుడు ఇంటి ఖర్చు తక్కువ చేసి చూపించుకోవద్దు. స్కూలు ఫీజు, పండగ, పెద్దవాళ్ల మందులు అన్నీ వేసుకున్నాకే 6,200 మిగులుతాయా చూడండి. 4,000 కంటే మించి మిగలవంటే ఎనిమిది నెలలు అడగండి. ఒప్పుకుని రెండో నెలలోనే తప్పడం కంటే అది నయం.

లేఖ ఇలా ఉంటే చాలు

*గౌరవనీయులైన బ్రాంచి మేనేజర్ గారికి,*

*విషయం: గృహ రుణ ఖాతా నం. ........ – బకాయి చెల్లింపు ప్రణాళిక.*

*పై ఖాతాలో జూన్ 5, జులై 5 కంతులు (ఒక్కొక్కటి రూ. 28,000) గడువులో కట్టలేకపోయాను. కారణం: మా కంపెనీలో రెండు నెలలు జీతాలు ఆగాయి. ఆధారంగా జీతం ఖాతా స్టేట్‌మెంట్ జత చేశాను. ఈ నెల నుంచి జీతం పడుతోంది.*

*ఈ రోజు రూ. 28,000 కట్టాను, రశీదు జత చేశాను. దీన్ని జూన్ కంతుకు జమ చేయగలరు. మిగిలిన రూ. 31,000 ఆగస్టు నుంచి డిసెంబరు వరకు, నెలవారీ కంతుతో పాటు రూ. 6,200 చొప్పున కడతాను.*

*ఈ ప్రణాళికకు మీ అంగీకారం, ఇప్పటివరకు వేసిన చార్జీల వివరం రాతపూర్వకంగా ఇవ్వగలరు. బౌన్స్, పీనల్ చార్జీలు మాఫీ చేసే విషయం పరిశీలించగలరు.*

*ఇట్లు, (సంతకం, ఫోన్, ప్రస్తుత చిరునామా)*

లోన్‌లో భార్యో భర్తో సహ రుణగ్రహీతగా ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. ‘ఇక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం’ అని సీలు వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అదే పాఠాన్ని బ్రాంచి ఈమెయిల్‌కూ పెట్టండి. తెలుగులో రాయడానికి సంకోచించక్కర్లేదు. ఫైలు వేరే రాష్ట్రంలోని ఆఫీసుకు వెళ్లేదైతే ఇంగ్లిష్ ప్రతి కూడా పెడితే పని తొందరగా కదులుతుంది. కారణం ఉన్నదున్నట్టు రాయండి. ఆస్పత్రి ఖర్చయితే డిశ్చార్జి సమ్మరీ, ఉద్యోగం పోతే రిలీవింగ్ లెటర్, వ్యాపారమైతే జీఎస్టీ రిటర్నులు పెట్టండి.

మేనేజరు నోటిమాటగా ‘సరే కట్టుకోండి’ అంటే, అదే రోజు సాయంత్రం ‘మనం అనుకున్న ప్రకారం...’ అని మెయిల్ పెట్టి పెట్టుకోండి. మూడేళ్లకు బదిలీ అయ్యే ఉద్యోగాలవి. ఆయన వెళ్లిపోతే ఆ మాటకు సాక్ష్యం ఉండదు.

ఏం అడగాలి, ఏం తొందరపడి అడగొద్దు

మొదట అడగాల్సింది చార్జీల మాఫీ. ఒకసారి, తొలిసారి అయితే బ్రాంచి స్థాయిలోనే కొంత తగ్గించే అవకాశముంటుంది. రెండోది, కంతు తేదీ మార్పు. జీతం 7న పడుతుంటే కంతు 5న ఉండటం ప్రతి నెలా బౌన్స్ కావడానికే. 10వ తేదీకి మార్పించుకుంటే బకాయి పుట్టే కారణమే పోతుంది.

మూడోది వడ్డీ రేటు. 2025లో రెపో రేటు నాలుగు విడతల్లో 1.25 శాతం తగ్గి 5.25కి వచ్చింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకుల్లో తీసుకున్న ఫ్లోటింగ్ హోమ్‌లోన్లు రెపో వంటి బయటి రేటుతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఆ తగ్గుదల వాటికి అందుతుంది. అంతకు ముందువి ఎంసీఎల్‌ఆర్ మీదో, బేస్ రేటు మీదో (బ్యాంకు తానే లెక్కగట్టే పాత రేట్లు) ఇంకా నడుస్తుంటే మార్పించుకోండి, చిన్న ఫీజుతో పోతుంది. కానీ ఓవర్‌డ్యూ ఉండగా ఈ మార్పు సాధారణంగా చేయరు. అందుకే ముందు బకాయి తీర్చాలి. రేటు తగ్గినప్పుడు బ్యాంకులు ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తుంటాయి. మీకు ఇప్పుడు కావాల్సింది నెలసరి భారం తగ్గడం కాబట్టి ఈఎంఐ తగ్గించమని రాసివ్వండి.

‘రీస్ట్రక్చర్ చేయండి’ అన్న మాట మాత్రం చివరికి దాచుకోండి. కట్టలేని ఇబ్బంది వల్ల గడువు పెంచడం, కంతులకు విరామం ఇవ్వడం వంటివి రీస్ట్రక్చరింగ్ కింద నమోదవుతాయి. ఖాతా తరగతి దిగజారొచ్చు, క్రెడిట్ రిపోర్టులో ఆ ముద్ర ఉంటుంది. ఆదాయం ఏడాది దాకా కోలుకోదనుకుంటే అది సరైన దారే. రెండు నెలల చిక్కుకు అది ఎక్కువ మందు.

బకాయి తీర్చడానికి డబ్బెక్కడ తేవాలంటే, ఆదాయం మళ్లీ మొదలైందన్న నమ్మకముంటే బ్యాంకులో బంగారం మీద లోన్, ఎల్‌ఐసీ పాలసీ మీద లోన్, ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు, ఈ మూడూ చూడండి. క్రెడిట్ కార్డు మీద నగదు, లోన్ యాపులు, వారం వడ్డీలు వద్దు. తొమ్మిది శాతం అప్పును తీర్చడానికి ముప్పై, నలభై శాతం అప్పు చేసినట్టవుతుంది. పాడుకోని చిట్టీ చేతిలో ఉంటే ఎంత సొమ్ము వదులుకోవాల్సి వస్తుందో లెక్క చూసుకున్నాకే పాడండి.

హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్ బుక్ చేసి బిల్డర్ ఆలస్యం చేస్తున్నాడన్న కోపంతో ఈఎంఐ ఆపేసేవాళ్లున్నారు. బిల్డరుతో గొడవ వేరు, బ్యాంకుతో ఒప్పందం వేరు. రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) ఫిర్యాదు నడుపుతూనే కంతు కట్టాలి. అమెరికాలో ఉద్యోగం పోయి ఇక్కడి లోన్ ఆగినవాళ్లకు ఇంకో సమస్య: బ్యాంకు దగ్గరున్న ఇండియా నంబరు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, చిరునామా అమ్మానాన్నల పాత ఇల్లు అయి ఉంటుంది. నోటీసు అక్కడికి వెళ్లినా ఇచ్చినట్టే లెక్క. ఫోన్, మెయిల్, చిరునామా ముందు మార్పించుకోండి.

ఇంటికి మనుషులు వస్తే

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, బంధువులనీ స్నేహితులనీ వేధించడం కూడా కుదరదు. ఏజెంటు వస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. చేతికి నగదు ఇవ్వొద్దు. అక్కడే ఫోన్లో లోన్ ఖాతాకు పంపితే రశీదు గొడవే ఉండదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో మీ అప్పు సంగతి చెప్పి వెళ్లారంటే తేదీ, టైము, ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి. ఫిర్యాదుకు అవే బలం.

నాచ్ బౌన్స్ మీద 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద లీగల్ నోటీసు రావొచ్చు. చెక్ బౌన్స్ కేసు లాంటిదే. నోటీసు అందిన 15 రోజుల్లో అందులోని మొత్తం కట్టేస్తే అది అక్కడితో ఆగుతుంది. పక్కన పడేయొద్దు.

13(2) నోటీసు వస్తే

ఎన్‌పీఏ అయ్యాక తాకట్టు ఆస్తి నుంచి అప్పు వసూలుకు ఉన్న సర్ఫేసీ చట్టం (2002) కింద వచ్చే నోటీసు ఇది. చూడగానే గుండె జారేది అందులోని అంకె వల్ల: బకాయి రెండు లక్షలైనా మొత్తం అప్పు కట్టమని ఉంటుంది. 60 రోజుల గడువు ఇస్తారు. ఆ లోపల మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి. అందిన 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబివ్వాలని అదే చట్టం 13(3ఏ) చెబుతోంది. పాత కంతులన్నీ కట్టేస్తే ఖాతా మళ్లీ స్టాండర్డ్ అవుతుంది కాబట్టి, 60 రోజుల్లో బకాయి తీర్చి, చర్య ఆపినట్టు లేఖ తీసుకోవడమే అన్నిటికంటే చౌకైన దారి. అప్పులో చాలా భాగం తీరిపోయినవాళ్లు సెక్షన్ 31 చూపించాలి. ఇవ్వాల్సింది అసలు, వడ్డీల్లో 20 శాతం కంటే తక్కువైతే ఈ చట్టం వర్తించదు.

60 రోజులు దాటి 13(4) కింద ఇల్లు స్వాధీనం చేసుకునే చర్య మొదలైతే, 45 రోజుల్లోగా డీఆర్‌టీకి (అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు) వెళ్లాలి. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. మామూలు సివిల్ కోర్టులో స్టే కోసం తిరిగితే ఆ 45 రోజులూ కరిగిపోతాయి, ఈ విషయంలో దానికి అధికారం లేదు. ఈ దశలో వకీలు లేకుండా నడవొద్దు.

బ్యాంకు పలకకపోతే

ముందు బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సాయానికి 14448. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్లాలి. తప్పుడు చార్జీలు, ఏజెంట్ల వేధింపు, జమ చేయని డబ్బు, ఇలాంటివి ఇక్కడ తేలతాయి. ‘నాకు వాయిదాలివ్వమని చెప్పండి’ అంటే మాత్రం అది బ్యాంకు వ్యాపార నిర్ణయమని పక్కన పెడతారు.

బకాయి తీరాక ‘ఓవర్‌డ్యూ లేదు’ అన్న లేఖ, సున్నా చూపే స్టేట్‌మెంట్ తీసుకోండి. 2025 నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ బ్యూరోలకు వివరాలు పంపుతున్నాయి కాబట్టి నెల ఆగి ఏడాదికొకసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు తెప్పించి చూడండి. ఆలస్యమైన నెలలు చరిత్రగా ఉంటాయి, అవి వెంటనే చెరిగిపోవు. ప్రస్తుత ఓవర్‌డ్యూ మాత్రం సున్నా ఉండాలి. లేకపోతే బ్యాంకుకు, బ్యూరోకు ఇద్దరికీ రాయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం అడిగే హక్కు మీకుంది.